మా తాత కాలి పుల్ల నుంచి నిజాంపేట ఆర్వో దాకా: తాగే నీళ్ల కథ

ఈసారి పత్తి ముచ్చట కాదు, వడ్ల ముచ్చట కాదు. తాగే నీళ్ల ముచ్చట. పోస్టు పొడుగ్గానే ఉంటది, తీరుబాటుగా చదువుండ్రి.

పోయిన నెల నిజాంపేటల మా బిడ్డ ఇంటికి పోయిన. అల్లుడు హైటెక్ సిటీల ఉద్యోగం. ఐదో అంతస్తుల ఫ్లాటు. నేను మొదటిసారి ఆ దిక్కు పోయినప్పుడు నిజాంపేట గ్రామ పంచాయతే. 2019ల బాచుపల్లిని, ప్రగతినగర్‌ను కలిపి కార్పొరేషన్ చేసిండ్రు. తుర్క చెరువు ఇంకా ఉన్నది గని, దాని నీళ్లు తాగే మనిషి ఇయ్యాల ఎవరూ లేరు. మరి ఏం తాగుతరని చూస్తే ఒక్క వంటింట్ల నాలుగు రకాల నీళ్లు: విడిచినప్పుడు వచ్చే నల్లా నీళ్లు, అపార్టుమెంటు బోరు నీళ్లు, ఎండాకాలం ట్యాంకర్ నీళ్లు, దుకాణం నుంచి తెచ్చే 20 లీటర్ల క్యాను. ఇంతేగాక గోడకు ఒక ఆర్వో మిషన్.

మా అమ్మ నా వెంటే వచ్చింది. ఎనభై దాటినయి. పొద్దుగాల లేచి పాత చీర గుడ్డ నాలుగు మడతలు పెట్టి, బిందె మూతికి కట్టి, నల్లా కింద పెట్టింది. మా బిడ్డ నవ్వింది: "నానమ్మా, మిషన్ ఉన్నది కదనే!" అల్లుడు ఇంకో మాట అన్నడు: "మామా, ఈ ఆర్వో ఒంటికి మంచిది కాదంటున్నరు. బోరు నీళ్లే బాగా కాగబెట్టుకొని తాగితే సరిపోదా?"

ముగ్గురూ మూడు మందులు చెప్తున్నరు. నీళ్లకు ఏ రోగం ఉన్నదో ఒక్కరూ అడుగుతలేరు. పురుగుమందు కొట్టే ముందు ఆకు తిప్పి చూడమని మనం ఒకరికొకరం ఎన్నిసార్లు చెప్పుకున్నం? నీళ్ల కాడ ఎవరమూ తిప్పి చూడం. అందుకే ఈ పద్ధతులు ఎప్పుడు, ఏ రోగానికి భయపడి వచ్చినయో రాస్తున్న.

ముందు మా అమ్మ గుడ్డ సంగతి. ఆమె వడగట్టేది నలకలకు కాదు, నారికురుపుకు భయపడి. ఇప్పటి పిల్లలకు ఆ పేరే తెల్వదు. మా తాతకు ఒక ఎండాకాలం కాలికి పొక్కు లేచి, పగిలి, అందులకెల్లి తెల్లటి దారం లాంటి పురుగు బయటపడ్డది. దాన్ని చిన్న పుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెం తిప్పుకుంట బయటికి గుంజాలె. తొందరపడి గుంజితే తెగుతది, తెగితే కాలు బుంగలెక్క ఉబ్బుతది. ఆ పురుగు మూర పొడుగు దాటి, ఒక్కోసారి గజం దాకా ఉంటది. సరిగ్గా దుక్కులప్పుడు మనిషి మంచానికి అతుక్కుపోయేది. మా తాత ఆ ఏడు నాగలి పట్టలేదు, పొలం పాలుకిచ్చిండని అమ్మ ఇప్పటికీ చెప్తది.

ఇది వచ్చేది దిగుడు బాయిలకెల్లి. పురుగు ఉన్న మనిషి మెట్లు దిగి నీళ్లల్ల కాలు పెడితే, చల్లదనానికి ఆ పురుగు వేల పిల్లలను నీళ్లల్ల విడుస్తది. వాటిని సైక్లాప్స్ అనే చిన్న నీటిపురుగు మింగుతది. మంచి చూపున్నోళ్లకు అది వెలుతురుల తెల్లటి చుక్కలెక్క కండ్లకే కనబడుతది. ఆ నీళ్లు తాగినోనికి ఏడాది తిరిగేసరికి కాలుకు పొక్కు. దీనికి మందు లేదు, టీకా లేదు, ఒకసారి వస్తే మళ్ల రాదన్న భరోసా కూడ లేదు.

మన దేశంల దీన్ని తుడిచెయ్యాలని 1983-84ల పని మొదలుపెట్టిండ్రు. 1984ల దేశం మొత్తం మీద దాదాపు 40 వేల మందికి ఈ రోగం ఉన్నట్టు లెక్క తేలింది. రోగం ఉన్న రాష్ట్రాలల్ల అప్పటి మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఏం చేసిండ్రో చూడుండ్రి: తాగే నీళ్లు గుడ్డతో వడగట్టుమన్నరు, దిగుడు బాయిల మెట్లు మూసిండ్రు, బాయిలల్ల టెమిఫాస్ మందు వేసిండ్రు, ఊరూరా బోరింగులు దింపిండ్రు. 1996 జూలైల రాజస్థాన్‌ల ఆఖరి రోగి కనబడ్డడు. 2000ల ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశంల ఈ రోగం లేదని సర్టిఫికెట్ ఇచ్చింది. మాత్ర లేకుండ, సూది లేకుండ, గుడ్డతోటి, మెట్లు పూడ్చుడుతోటి ఒక రోగం దేశం విడిచిపోయింది. మా అమ్మ గుడ్డను ఇంక నేను నవ్వులాటకు తీసుకోను.

అయితే గుడ్డకు దాని హద్దు ఉన్నది. అది కంటికి కనబడేదాన్నో, దానికి కొంచెం చిన్నదాన్నో ఆపుతది. విరేచనాల సూక్ష్మజీవి గుడ్డ సందులకెల్లి సులువుగ పోతది. కలరాల మాత్రం ఒక చిత్రం ఉన్నది. కలరా సూక్ష్మజీవి చెరువు నీళ్లల్ల ఈ సైక్లాప్స్ లాంటి పురుగులకే అతుక్కొని బతుకుతది. రీటా కోల్వెల్ అనే అమెరికా శాస్త్రవేత్త, ఆమెతోటి వాళ్లు బంగ్లాదేశ్‌ల మత్లబ్ దిక్కు 65 ఊర్లల్ల ఆడవాళ్లకు పాత చీరను మడతలు వేసి వడగట్టుడు నేర్పిండ్రు. 2003ల లెక్క బయటపెట్టిండ్రు: కలరా 48 శాతం తగ్గింది. కొత్త చీర కంటే పాత చీర మంచిదట. ఉతికి ఉతికి దారాలు వదులై సందులు చిన్నగైతయి. సగం తగ్గుడు పెద్ద సంగతే. మిగిలిన సగానికి ఇంకోటి కావాలె.

ఇక మట్టి నీళ్లు. మన పెద్దలు చిల్లగింజను రాయి మీద అరగదీసి బిందెల కలిపేటోళ్లు, ఇండుప గింజ అన్నా అదే. పటిక ముక్కను నీళ్లల్ల రెండు చుట్లు తిప్పేటోళ్లు. మునగ గింజల పొడి కూడ ఇదే పని చేస్తది, దాని మీద సూడాన్‌ల పెద్ద పరిశోధనలే జరిగినయి. మూడూ చేసేది ఒక్కటే: మట్టి రేణువులను గుంపు కట్టించి అడుక్కు దింపుతయి. మట్టితోటి కొన్ని సూక్ష్మజీవులు కూడ దిగుతయి, అన్నీ దిగవు. తేటగున్నయి గదా అని తాగితే మోసపోతం. అయినా ఈ పని దండుగ కాదు. ఎందుకంటే మట్టి నీళ్లల్ల బ్లీచింగ్ సరిగ్గ పనిచెయ్యదు. ముందు తేరవెట్టి, తర్వాత మందు వెయ్యాలె.

వాగుల చెలిమె తోడుకునేది మనకు గుర్తే. ఇసుకల ఊరిన నీళ్లు పారే నీళ్ల కంటే శుభ్రం. ఇదే సంగతిని లండన్‌ల 1829ల పెద్ద ఇసుక గుంటలు కట్టి నగరానికి వాడిండ్రు. దాని విలువ ప్రపంచానికి తెలిసింది మాత్రం 1892ల. జర్మనీల ఎల్బే నది ఒడ్డున హాంబర్గ్, ఆల్టోనా పక్కపక్క ఊర్లు, మధ్యల ఒక్క వీధే హద్దు. హాంబర్గ్ నది నీళ్లను అట్లనే తాగింది, ఆల్టోనా ఇసుకల వడగట్టి తాగింది. కలరా వచ్చి హాంబర్గ్‌ల 8 వేల మందికి పైగా పోయిండ్రు. ఆల్టోనాకు పెద్దగ ఏం కాలేదు. అదే నది, అదే గాలి. మన హైదరాబాద్ చాలా కాలం హుస్సేన్ సాగర్, మీరాలం చెరువుల నీళ్లు తాగింది. 1908 మూసీ వరద తర్వాత 1920ల ఉస్మాన్ సాగర్, 1927ల హిమాయత్ సాగర్ కట్టినంక, ఆ నీళ్లను ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల కాడ వడగట్టి పంపుడు మొదలైంది. ఆ బస్టాపును ఇప్పటికీ "ఫిల్టర్ బెడ్" అనే పిలిచేటోళ్లు ఉన్నరు.

సూక్ష్మజీవులకు అసలు మందులు రెండు: కాగబెట్టుడు, క్లోరిన్. దేశంల కలరా ఊపులున్న 1890లల్ల హాంకిన్ అనే ఆగ్రా శాస్త్రవేత్త బాయిలల్ల పొటాషియం పర్మాంగనేట్ వెయ్యమని ప్రచారం చేసిండు. నీళ్లు ఎర్రగైతయి, ఆ రంగు నిలబడితే మందు చాలినట్టు గుర్తు. తర్వాత దాని జాగల బ్లీచింగ్ పౌడర్ వచ్చింది. చవకగ దొరుకుతది, గట్టిగ పనిచేస్తది.

రెండింటికీ తేడా చెప్త. కాగబెట్టుడు పక్కా పద్ధతి. నీళ్లు తెర్లి ఒక్క నిమిషం గట్టిగ మసిలితే సూక్ష్మజీవులు చస్తయి. మట్టి నీళ్లైనా సరే చస్తయి. గని కట్టెలో, గ్యాసో ఖర్చు. ఇంకోటి, చల్లారినంక దానికి కాపలా లేదు. రంజన్‌ల పోసి, చెయ్యి ముంచి గ్లాసు తీస్తే మళ్ల మొదటికే. బ్లీచింగ్‌కు ఆ కాపలా ఉంటది. వేసినంక కొంచెం క్లోరిన్ నీళ్లల్ల మిగిలి, తర్వాత పడ్డదాన్ని కూడ చంపుతది. నల్లా నీళ్లల్ల వచ్చే ఆ వాసన అదే. మనకు నచ్చదు గని, ఆ వాసన ఉన్నదంటే కాపలా ఉన్నట్టు. పైపు పగిలి మురుగు కలిస్తే ఆ కొంచెం కాపలా కూడ చాలదు. 2009 మే నెలల హైదరాబాద్ భోలక్‌పూర్‌ల జరిగింది అదే. కలుషితమైన నల్లా నీళ్లు తాగి జనం చనిపోయిండ్రు. నగరం నడిమధ్యల, మన కాలంల.

తాగే బాయి ఇంకా ఉన్న ఊర్లకు లెక్క రాస్తున్న, రాసిపెట్టుకోండ్రి. వెయ్యి లీటర్లకు మంచి బ్లీచింగ్ 2.5 గ్రాములు. గుండ్రటి బాయిల నీళ్లెన్ని అంటే: వెడల్పును వెడల్పుతో, దాన్ని నీటి లోతుతో (అన్నీ మీటర్లల్ల), దాన్ని 0.785తో గుణించి, వెయ్యితో గుణిస్తే లీటర్లు. మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల నీళ్లుంటే 28 వేల లీటర్ల పైచిలుకు, అంటే 70 గ్రాముల పౌడర్. నేరుగా చల్లొద్దు. బకెట్ల ముద్దలెక్క కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుక్కు దిగినంక పై తేట నీళ్లను మాత్రమే బాయిల కలపాలె. కనీసం ఒక గంట ఆగాలె. రాత్రి వేస్తే పొద్దుటికి తయారు. మూట విప్పి నెలలు పెట్టిన పౌడర్‌ల పస ఉండదు. మా ఊర్ల ఒకప్పుడు గడ్డలు కట్టిన పాత పౌడరే చల్లిపోయేటోళ్లు, అది వేసినా వెయ్యకున్నా ఒక్కటే.

కట్టెలు లేవు, పౌడర్ లేదు అంటే ఎండ ఉన్నది. తేట నీళ్లను పారదర్శకంగ ఉండే పెట్ సీసాలల్ల నింపి ఆరు గంటలు మంచి ఎండల, మబ్బు పడితే రెండు రోజులు పెట్టాలె. దీన్ని బీరుట్‌ల అఫ్తిమ్ అక్రా అనే ఆయన 1980ల లోకానికి చెప్పిండు. రాగి బిందె మాట కూడ ఉత్తదేం కాదు. 2012ల బెంగళూరు పరిశోధకులు రాగి పాత్రల 16 గంటలు పెడితే విరేచనాల సూక్ష్మజీవులు చచ్చినయని చూపిండ్రు. రాత్రి పోసి పొద్దుగాల తాగుడు అందుకే వచ్చిందేమో.

ఇప్పుడు అసలు నొప్పి కాడికి వస్త. ఇప్పటిదాకా చెప్పినవి అన్నీ ప్రాణమున్న రోగాలకు. గుడ్డ ఆపుతది, మంట చంపుతది, క్లోరిన్ చంపుతది. ప్రాణమే లేని దాన్ని ఏం చంపుతవు? నేను నల్లగొండ జిల్లా మనిషిని, ఫ్లోరైడ్ గురించి నాకు ఎవరూ చెప్పనక్కర లేదు.

ఈ రోగాన్ని మొదట కనిపెట్టింది డాక్టర్లు కాదు, ఎద్దుల మీద బతికే రైతులు. 1930లల్ల నెల్లూరు దిక్కు దున్నే ఎద్దులు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోతున్నయని వాళ్లు గమనించిండ్రు. 1934ల మన హైదరాబాద్ సంస్థానంల కూడ పశువులకు ఇట్లాంటి జబ్బు ఉన్నదని మహాజన్ అనే ఆయన రాసిండు. 1937ల షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు నెల్లూరు జిల్లా మనుషులల్ల ఇది ఫ్లోరోసిస్ అని, నీళ్లల్ల ఫ్లోరైడ్ వల్ల అని తేల్చిండ్రు. 1955ల సిద్దీఖీ అనే డాక్టరు నల్లగొండ జిల్లా రోగుల గురించి బ్రిటన్ వైద్య పత్రికల రాసిండు. అంటే బోర్లు రాకముందే, బాయిల కాలంలనే ఈ బాధ ఉన్నది. మన కింద ఉన్న గ్రానైటు రాయిలకెల్లి ఫ్లోరైడ్ నీళ్లల్లకు దిగుతది. బోర్లు లోతుకు పోయినకొద్దీ, నీళ్లు ఆ రాయితో ఎక్కువ కాలం కలిసి ఉండి ఇంకా తెస్తయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని లెక్క. దాటితే ముందు పండ్ల మీద పసుపు, గోధుమ చారలు. ఏండ్లు గడిస్తే వెన్ను వంగుతది, మోకాళ్లు ముడుచుకుంటయి. మర్రిగూడ, మునుగోడు దిక్కు ముప్ఫై ఏండ్ల మనిషి ముసలాయన లెక్క కర్ర పట్టి నడుసుడు నేను చిన్నప్పటి నుంచి చూసిన.

అల్లుడు అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉన్నది. ఫ్లోరైడ్ నీళ్లను కాగబెడితే నీళ్లు ఆవిరై పోతయి, ఫ్లోరైడ్ గిన్నెలనే ఉంటది. నీళ్లు తగ్గి అది చిక్కబడుతది. కలరాకు మందైన పని, ఫ్లోరైడ్ కాడ ఎదురు తిరుగుతది. గుడ్డ, ఎండ, రాగి, బ్లీచింగ్ ఏవీ దాన్ని ముట్టవు.

దీనికి పుట్టిన సులువు పద్ధతికి మన జిల్లా పేరే పెట్టిండ్రు: నల్గొండ టెక్నిక్. నాగ్‌పూర్‌ల ఉండే నీరి సంస్థ 1970లల్ల తయారుచేసింది. పటిక, సున్నం, బ్లీచింగ్, మూడూ మన ఇంటి సామానే. నలభై లీటర్ల బకెటుకు అడుగు నుంచి కొంచెం పైకి నల్లా బిగించాలె. లెక్క ప్రకారం సున్నం, పటిక కలిపి పది నిమిషాలు మెల్లగ తిప్పాలె, గంట సేపు కదపకుండ ఉంచాలె. తెల్లటి మడ్డి ఫ్లోరైడ్‌ను పట్టుకొని అడుక్కు దిగుతది. పై తేట నీళ్లు నల్లా నుంచి పట్టుకోవాలె.

కాయితం మీద మంచిగ ఉన్నది. ఇంట్ల నడవలేదు. ఎందుకంటే పటిక ఎంత వెయ్యాలన్నది ఫ్లోరైడ్‌ను బట్టి, నీళ్ల క్షార గుణాన్ని బట్టి ప్రతి ఊరికీ మారుతది. నీళ్లు తేరడానికి వేసే పటిక కంటే ఎన్నో రెట్లు ఎక్కువ పడుతది. తక్కువైతే ఫ్లోరైడ్ పోదు, ఎక్కువైతే నీళ్లు వగరు, పైగా అల్యూమినియం మిగులుతది. పొద్దుగాల కూలికి పోయే ఆడమనిషి రోజూ ఈ తూకం వెయ్యాలంటే అయితదా? ఆ మడ్డి ఎక్కడ పోయాలె? పెరట్ల పోస్తే వానకు మళ్ల భూమిలకే.

జనానికి ఓపిక పోయింది 1996ల. నల్లగొండ పార్లమెంటు సీటుకు 480 మంది నామినేషన్ వేసి నిలబడ్డరు. జలసాధన సమితి పిలుపు అది. ఎక్కువ మంది మనలాంటి రైతులు, ఫ్లోరైడ్ బాధితులు. బ్యాలెట్ కాయితం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడ్డది. ఆ తర్వాతనే పార్లమెంటుకు నిలబడే డిపాజిట్ 500 నుంచి 10 వేల రూపాయలకు పెరిగింది. నీళ్లు అడిగితే డిపాజిట్ పెంచిండ్రని మా దిక్కు ఇప్పటికీ ఎకసెక్కంగ అంటరు. ఆఖరికి రోగం తగ్గించింది ఏ పొడీ కాదు, నీళ్ల జాగ మారుడే. బోరు విడిచి కృష్ణా నీళ్లకు వచ్చినం, 2016ల మొదలైన మిషన్ భగీరథతోటి అది ఇండ్ల దాకా వచ్చింది. వంగిన నడుములు మాత్రం మళ్ల నిలబడయి.

మరి ఆర్వో? అది ఫ్లోరైడ్‌ను తీస్తది, అబద్ధం కాదు. 1960ల ముందర అమెరికాల సముద్రపు నీళ్లకోసం పుట్టిన పొర అది. గని ఇంట్ల మిషన్ ఒక లీటరు ఇయ్యడానికి మామూలుగ రెండు మూడు లీటర్లు మోరీల పోస్తది. అందుకే నీళ్లల్ల కరిగిన ఉప్పులు, అంటే టీడీఎస్, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉన్నకాడ ఆర్వో వద్దని 2019ల జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. మంజీరా, గోదావరి లాంటి నల్లా నీళ్లకు మామూలుగ ఆర్వో పని లేదు. పైగా అది కాపలా క్లోరిన్‌ను కూడ తీసేస్తది. ఇంకోటి బాగా గుర్తుపెట్టుకోండ్రి: అమ్మేటోడు టీడీఎస్ మీటర్ ముంచి చూపిస్తడు. ఆ మీటర్‌కు సూక్ష్మజీవి తెల్వదు, ఫ్లోరైడ్ విడిగ తెల్వదు. టీడీఎస్ 400 ఉన్న బోరు నీళ్లల్ల కూడ ఫ్లోరైడ్ రెండు మూడు ఉండొచ్చు.

మన తప్పు కూడ ఒకటి ఒప్పుకోవాలె. యూరియా ఎక్కువైతే నైట్రేట్ బోర్లల్లకు దిగుతది. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే పసిపిల్లలకు ప్రమాదం, ఒళ్లు నీలంగ మారుతది. అది కూడ కాగబెడితే చిక్కబడేదే. డబ్బపాలు కలిపేటప్పుడు బోరు నీళ్లు మరగబెట్టి పోసే తల్లులకు ఇది చెప్పాలె. ఇక ఫ్యాక్టరీ రసాయనాలకు ఇంటి పద్ధతే లేదు. నిజాంపేటకు ఎక్కువ దూరం లేని పటాన్‌చెరు దిక్కు నక్కవాగు, బాయిలు పాడైనయని 1990ల కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆ నీళ్లను గుడ్డ, మంట, పటిక ఏం బాగుచేస్తయి? వేరే నీళ్లు తెచ్చుకోవాల్సిందే.

ఇదంతా అల్లునికి చెప్పిన. నల్లా నీళ్లు వచ్చిననాడు తాగనీకి అవే పట్టుకోండ్రి, అనుమానముంటే కాగబెట్టుండ్రి, మూత పెట్టి గరిటెతోటి తియ్యిండ్రి. ట్యాంకర్ నీళ్లు వాడకానికే. బోరు నీళ్లు మాత్రం ఫ్లోరైడ్, నైట్రేట్ పరీక్ష కాకుండ ఎవరూ తాగొద్దు, మరగబెట్టి అసలే వద్దు. మన ఊర్లల్ల అయితే జిల్లా నీటి పరీక్ష ల్యాబుల చూపించుకోవచ్చు, పంచాయతీల కిట్టు ఉంటే దానితోటి కూడ తెలుస్తది.

వచ్చేరోజు మా మనుమరాలు రెండు సీసాలు కడిగి, ఒకదాని మీద "నల్లా", ఒకదాని మీద "బోరు" అని రాసి నా సంచిల పెట్టింది. మా ఊరి బోరు నీళ్లు ఇంకో సీసాల పట్టిన. మూడూ సోమవారం ల్యాబుకు తీసుకపోతున్న. కాయితం రాంగనే ఇక్కడ పెడత. మీ ఊర్ల దిగుడు బాయి మెట్లు ఏ ఏడు పూడ్చిండ్రో పెద్దలను అడిగి కింద రాయిండ్రి.